జర్మనీలో ఉద్యోగం వచ్చిందా? నల్లగొండ, పాలమూరు వాళ్లు అక్కడ కుదురుకోవడం ఎలా

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఒక పని పడితే మనం ముందు అడిగేది "ఆ ఆఫీసుల మనకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని. తెలిసినాయన ఒక ఫోన్ కొడితే సగం పని అయిపోతుంది. జర్మనీలో ఆ సగం పని కాగితం చేస్తుంది. ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, దాన్ని అక్కడ టెర్మీన్ అంటారు. తర్వాత కాగితాలు చూపించాలి. జవాబు మీ ఇంటి పోస్టు డబ్బాలో ఉత్తరంగా పడుతుంది. మీ పేరు, మీ అడ్రసు, ఆ డబ్బా, ఈ మూడూ సరిగ్గా ఉంటే మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్, మెకానికల్, నర్సింగ్ ఉద్యోగాల మీద మొదటిసారి వెళ్తున్నవాళ్ల కోసం, ఊర్లో ఉండగానే చేయాల్సిన పనుల నుంచి వరుసగా చెబుతున్నాం. రేట్లు ఏటా మారతాయి కాబట్టి ఏ సంవత్సరానివో అక్కడక్కడే రాశాం.

టికెట్ కంటే ముందు పేరు

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. పదో తరగతి మెమోలో అలాగే ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి ఉంటాయి. చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో పడి ఉంటుంది. ఇండియాలో దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు. జర్మనీలో ఇంటిపేరు లేకుండా ఏ కంప్యూటరూ ముందుకు కదలదు. ఉదాహరణకు గుండెబోయిన వెంకట నర్సింహ అనే పేరు అనుకుందాం. మున్సిపల్ ఆఫీసులో మూడు ముక్కలూ కలిపి ఇంటిపేరుగా ఎక్కిస్తారు. బ్యాంకులో నర్సింహను ఇంటిపేరు చేస్తారు. కంపెనీవాళ్లు గుండెబోయిన అని రాస్తారు. ఇక ఇన్సూరెన్సు కార్డు ఒక పేరు మీద, జీతం ఇంకో పేరు మీద, పన్ను ఉత్తరం మరో పేరు మీద వస్తాయి. ఒకే మనిషి అని నిరూపించుకునే పని మీ మీద పడుతుంది.

అందుకే వీసాకు దరఖాస్తు చేసేముందే పాస్‌పోర్టు తెరిచి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే రీ-ఇష్యూకి పెట్టి విడగొట్టించుకోండి. దీనికి సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. మెమోలో నర్సింహ అని, డిగ్రీలో నరసింహ అని స్పెల్లింగ్ తేడా ఉంటే దాన్ని కూడా ఇక్కడే యూనివర్సిటీలో సరిచేయించుకోండి. వీసా పడ్డాక పాస్‌పోర్టు మారిస్తే రెండు పాస్‌పోర్టులు పట్టుకుని తిరగాలి.

తర్వాతది పుట్టిన సర్టిఫికెట్. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు పల్లెల్లో ఇంటి దగ్గర పుట్టినవాళ్లలో చాలామందికి అది లేదు, పదో తరగతి మెమోతోనే ఇన్నాళ్లూ గడిచింది. జర్మనీలో పెళ్లి చేసుకోవాలన్నా, అక్కడ మీకు బిడ్డ పుడితే నమోదు చేయించాలన్నా తల్లిదండ్రుల పుట్టిన సర్టిఫికెట్లు అడుగుతారు. పుట్టి ఏడాది దాటినాక నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కావాలి, దరఖాస్తు మీసేవలో పెట్టాలి. ఇది వారం రోజుల్లో అయ్యే పని కాదు. ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. "అన్ని కాగితాలకు అపోస్టిల్ కొట్టిస్తే చాలు" అని చెప్పే ఏజెంట్లు ఉంటారు. అపోస్టిల్ అంటే మన కాగితం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర. అపోస్టిల్ ఒప్పందంలో ఇండియా చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందువల్ల మన అపోస్టిల్ ముద్ర అక్కడి ఆఫీసుల్లో చెల్లదు. జర్మన్ ఆఫీసుకు అనుమానం వస్తే కాగితాలను ఇండియాలోని తమ రాయబార కార్యాలయాల ద్వారా విచారణ చేయిస్తుంది, దానికి నెలలు పడుతుంది. ఆ విచారణలో పంచాయతీ రిజిస్టర్‌లో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో ఇంకో తేదీ బయటపడితే మొత్తం ఆగిపోతుంది. కాబట్టి ముద్రల కంటే ముందు తేదీలు, పేర్లు సరిచూసుకోండి.

పెళ్లయినవాళ్లు శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఇద్దరి వయసు రుజువులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించుకోవాలి. భార్య తన పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండొచ్చు, మార్చుకోవాల్సిన పని లేదు. కానీ అక్కడ పుట్టే బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలో ఇద్దరూ ముందే తేల్చుకోండి, ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకే ఆ ఫారం నింపాల్సి వస్తుంది.

చదువు విషయానికొస్తే, ఇంజనీర్లు అనాబిన్ అనే జర్మన్ ప్రభుత్వ డేటాబేసులో తమ యూనివర్సిటీ, కోర్సు రెండూ వెతకాలి. యూనివర్సిటీ పక్కన గుర్తింపు ఉందని చెప్పే హెచ్ ప్లస్ అనే గుర్తు ఉండి, కోర్సు కూడా దొరికితే ఆ పేజీల ప్రింటు చాలు. దొరక్కపోతే జాబ్ (ZAB) అనే జర్మన్ ప్రభుత్వ సంస్థ నుంచి డిగ్రీ సమానమని కాగితం తీసుకోవాలి, ఫీజు 208 యూరోలు. నర్సులకు దారి వేరు. ఏ రాష్ట్రంలో పనిచేస్తారో ఆ రాష్ట్ర ఆఫీసు మీ చదువును వాళ్ల చదువుతో పోల్చి, ఏవి తక్కువ పడ్డాయో రాసి పంపుతుంది. ఆ లోటు పరీక్షతోనో, ఆసుపత్రిలో శిక్షణతోనో పూడ్చుకోవాలి. పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (ఏ1 నుంచి మొదలయ్యే మెట్లలో నాలుగోది) కావాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు నడుపుతుంది, ముందు అక్కడ కనుక్కోండి. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి పోతే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంటు ఉద్యోగార్థి నుంచి తీసుకోదగ్గ సర్వీసు ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగితే లేచి వచ్చేయండి.

పెట్టె సర్దేటప్పుడు

అమ్మ కట్టిచ్చేవాటిలో కొన్ని యూరప్ కస్టమ్స్ దగ్గర చెత్తబుట్ట పాలవుతాయి. పాలు, మాంసంతో చేసినవేవీ లోపలికి రానివ్వరు. అంటే నెయ్యి, కోవా, చికెన్ తొక్కు, మటన్ తొక్కు వద్దు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు, పచ్చి ఆకులకు, పండ్లకు ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. కారం, పసుపు, చింతపండు, పప్పులు, సకినాలు, నూనెలో ఊరిన మామిడి తొక్కు, గోంగూర తొక్కు తీసుకుపోవచ్చు. తొక్కులు లగేజీలోనే పెట్టాలి, చేతి సంచిలో ఒప్పుకోరు.

గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా పెట్టుకోవద్దు. జర్మనీలో అవి దుకాణాల్లోనే అమ్ముతారు, కానీ మీ విమానం దుబాయ్ మీదుగా పోతుంటే అక్కడ అవి నిషేధం. మసాలా పొడిలో కలిపి దంచారేమో ఇంట్లో అడిగి మరీ తెలుసుకోండి.

వంట సామాను దగ్గర ఒక చిన్న లెక్క ఉంది. కరెంటు అక్కడా 230 వోల్టులే కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, ప్లగ్గు మాత్రం మన మూడు పిన్నులది పట్టదు, అడాప్టర్ కావాలి. చాలా ఇళ్లలో గ్యాసు ఉండదు. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కర్ కొనుక్కోండి. చలికోట్లు, బూట్లు కోఠిలో కొనొద్దు, అక్కడి చలికి తగ్గవి అక్కడే దొరుకుతాయి.

వాడుతున్న మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు చేతి సంచిలోనే ఉండాలి.

ఇల్లు, కిరాయి

కిరాయి రెండు రకాలుగా చెబుతారు. కాల్ట్‌మీట అంటే ఉత్త కిరాయి. వార్మ్‌మీట అంటే నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం, ఎక్కువగా వేడి ఖర్చు కూడా కలిపింది. కరెంటు, ఇంటర్నెట్ ఈ రెండింట్లోనూ మామూలుగా ఉండవు. అడ్వాన్సుగా ఉత్త కిరాయికి మూడు రెట్లకు మించి అడగకూడదని చట్టం, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. చాలా ఫ్లాట్లు వంటిల్లు లేకుండా వస్తాయి. అంటే గోడలే ఉంటాయి, సింకు, పొయ్యి, అరలు మీరే కొనుక్కోవాలి, లేకపోతే ముందున్నవాళ్ల దగ్గర పాతవి తీసుకోవాలి. మొదటి జీతం నెలాఖరుకు గానీ రాదు. అందుకని నాలుగైదు నెలల కిరాయికి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకుని బయల్దేరండి.

మొదట రెండు మూడు నెలలకు సామానుతో ఉన్న గది తీసుకోవడం మంచిది. తీసుకునేముందు ఒక్క మాట అడగండి: ఈ అడ్రసు మీద అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా? అంటే మున్సిపల్ ఆఫీసులో పేరు నమోదు. కుదరదంటే ఎంత చవకైనా ఆ గది వద్దు. నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, చాలాచోట్ల బ్యాంకు ఖాతా కూడా తెరవరు.

ఇల్లు చూడకుండా డబ్బు పంపొద్దు. "నేను ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అనే మెసేజ్ వచ్చిందంటే అది మోసమే. మంచి ఫోటోలు, తక్కువ కిరాయి, తొందరపెట్టడం, ఈ మూడూ కలిసొచ్చిన చోట ఆగండి.

తాళాలు తీసుకునే రోజు యజమానితో కలిసి గదిగదీ తిరిగి, ఉన్న గీతలు, పగుళ్లు, మరకలు, మీటర్ అంకెలు కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. ఫోటోలు కూడా తీసిపెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు వెనక్కి రావడానికి ఈ కాగితమే ఆధారం. ఖాళీ చేస్తామని మూడు నెలల ముందు రాసి సంతకం పెట్టిన ఉత్తరం ఇవ్వాలి, ఫోన్‌లో చెబితే చెల్లదు.

మొదటి రెండు వారాలు

మొట్టమొదటి పని పోస్టు డబ్బా. జర్మన్ అడ్రసులో వీధి, ఇంటి నంబరు ఉంటాయి గానీ మామూలుగా ఫ్లాట్ నంబరు ఉండదు. ఇరవై ఇళ్లున్న బిల్డింగులోనైనా పోస్ట్‌మన్ డబ్బా మీది పేరు చూసే వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. దిగిన రోజే ఒక కాగితం ముక్క మీద ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో రాసి డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద అతికించండి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైతే రెండూ రాయండి. స్నేహితుడి గదిలో ఉంటే మీ పేరు కింద కేరాఫ్ అని డబ్బా మీదున్న అతని పేరు రాసి అడ్రసు ఇవ్వాలి.

రెండోది అన్‌మెల్డుంగ్. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. పాస్‌పోర్టు, నింపిన ఫారం, వీటితో పాటు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. పేరు నోరు తిరగకపోయినా విషయం చిన్నదే, "ఫలానావాళ్లు ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నారు" అని యజమాని సంతకం. కిరాయి ఒప్పందం చూపిస్తే దాని బదులు ఒప్పుకోరు. పెద్ద నగరాల్లో రెండు వారాల్లో టెర్మీన్ దొరకదు. ఆన్‌లైన్‌లో పొద్దున్నే రద్దయిన స్లాట్ల కోసం చూడండి. గడువులోపే అడిగినట్టు బుకింగ్ మెయిల్ దగ్గరుంచుకోండి.

ఆ ఫారంలో మతం అనే గడి ఉంటుంది. అది కుల ధ్రువీకరణ పత్రంలో గడిలాంటిది కాదు, పన్నుకు సంబంధించింది. కాథలిక్ అనో, అక్కడి ప్రొటెస్టంట్ చర్చి సభ్యులమనో రాస్తే ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం చర్చి పన్ను పడుతుంది. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత చర్చిలు చాలా ఉన్నాయి, అక్కడి నుంచి వెళ్లే క్రైస్తవులు ఈ సంగతి తెలిసి, తమ చర్చి ఏ శాఖదో కనుక్కుని నిజమే రాయాలి. హిందువులకు, ముస్లింలకు ఈ పన్ను లేదు.

నమోదైన రెండు మూడు వారాలకు 11 అంకెల పన్ను నంబరు ఉత్తరంలో వస్తుంది. అది కంపెనీకి ఇవ్వకపోతే మిమ్మల్ని ఆరో పన్ను తరగతిలో వేసి ఎక్కువ కోస్తారు. ఆ డబ్బు తర్వాత వెనక్కి వస్తుంది గానీ మొదటి నెల చెయ్యి ఇరుకున పడుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఒకటో తరగతి. భార్య ఇంకా ఊర్లోనే ఉంటే అప్పుడూ ఒకటే. ఆమె వచ్చి నమోదైనాక ఇద్దరి జీతాలను బట్టి ఒకరికి మూడు, ఇంకొకరికి ఐదు గానీ, ఇద్దరికీ నాలుగు గానీ ఎంచుకోవచ్చు.

జీతం లెక్క ముందే తెలిసి ఉండాలి. 2025లో ఏడాదికి 50,000 యూరోల జీతం ఒకటో తరగతి మనిషికి చేతికి నెలకు 2,700కి కాస్త అటూఇటూగా వచ్చేది. పింఛను 18.6 శాతం, ఆరోగ్యం 14.6 శాతం, దాని మీద బీమా సంస్థ వేసే అదనం, ఇవన్నీ మీరూ కంపెనీ చెరిసగం కడతారు. మొత్తాన్ని వందతో గుణించి రూపాయల్లో చూసి సంబరపడొద్దు, ఇంట్లోవాళ్లకు కూడా చేతికొచ్చే లెక్కే చెప్పండి. అప్పు తీర్చే వాయిదాలు దాన్ని బట్టే పెట్టుకోవాలి.

ఆరోగ్య బీమా ప్రభుత్వ చట్టబద్ధ సంస్థల్లోనే తీసుకోండి. జీతం లేని భార్య, పిల్లలు ఆ బీమాలోనే అదనపు ఖర్చు లేకుండా చేరతారు. ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు ప్రైవేటు బీమా చవకగా చూపిస్తారు. అందులో మనిషి మనిషికీ విడిగా కట్టాలి, వయసుతో పెరుగుతుంది, ఒకసారి చేరితే వెనక్కి రావడం చాలా కష్టం. పెళ్లి కాని కుర్రవాళ్లు ముఖ్యంగా దీనికి పడిపోతుంటారు. నాలుగేళ్లకు కుటుంబం వచ్చాక బరువు తెలుస్తుంది.

దీనితో పాటు ఏడాదికి వంద యూరోల లోపు దొరికే హాఫ్ట్‌ప్‌ఫ్లిహ్ట్ పాలసీ ఒకటి తీసుకోండి. మీ వాషింగ్ మెషిన్ పైపు ఊడి కింది ఇంటి పైకప్పు తడిస్తే నష్టం ఈ పాలసీ కడుతుంది. చట్టం అడగదు, అయినా తప్పకుండా ఉండాల్సింది ఇదే అని మా నమ్మకం.

ఉత్తరాలు చదవడం

ప్రతి ఉత్తరాన్నీ వచ్చిన రోజే తెరవండి. భాష రాకపోతే ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూడండి. వెతకాల్సింది ఫ్రిస్ట్ అనే మాట, అంటే గడువు, ఆ పక్కనుండే తేదీ. ఆఫీసు నిర్ణయం మీద అభ్యంతరానికి సాధారణంగా నెల రోజులే ఉంటుంది.

కోర్టులు, ఆఫీసులు అందినట్టు రుజువు ఉండేలా పంపే పసుపు కవరు వస్తే మరీ జాగ్రత్త. దాని మీద పోస్ట్‌మన్ ఏ తేదీన వేశాడో చేత్తో రాస్తాడు. గడువు ఆ తేదీ నుంచే లెక్క. మీరు ఊరెళ్లి నెల తర్వాత వచ్చి తెరిచినా సరే, ఆ తేదీన మీకు అందినట్టే. కవరును కూడా ఉత్తరంతో కలిపి దాచండి.

చేరిన కొన్ని వారాలకు రుండ్‌ఫుంక్ (రేడియో, టీవీ ప్రసారాల) ఫీజు అడుగుతూ ఒక ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేదు కదా, ఇది మోసం అనుకుని చాలామంది పారేస్తారు. అది నిజమైనదే. ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకున్నా కట్టాలి. ఒక ఇంట్లో నలుగురు స్నేహితులున్నా ఒక్కరు కడితే చాలు, మిగతావాళ్లు ఆ నంబరు రాసి జవాబివ్వాలి. జవాబే ఇవ్వకపోతే బాకీ పెరిగి జప్తు దాకా పోతుంది.

జిమ్, ఫోన్, ఇంటర్నెట్ ఒప్పందాలు రెండేళ్ల దాకా కట్టిపడేస్తాయి. సంతకం పెట్టేముందు కాలం ఎంతో చూడండి. 2022 మార్చి తర్వాత చేసుకున్నవైతే మొదటి కాలం ముగిశాక నెల నోటీసుతో ఆపుకోవచ్చు.

ఇంట్లో పోపు, గోడకు బూజు

మన వంటకు, జర్మన్ ఇంటికి పడనిది ఆవిరి. అన్నం ఉడికిన ఆవిరి, చారు మరిగిన ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి, అంతా చలికాలంలో చల్లటి గోడ మీద చేరి నీరవుతుంది. కిటికీలన్నీ గట్టిగా మూసుకునే ఇళ్లు అవి, మన పెంకుటింట్లోలాగా గాలి తనంతట తాను ఆడదు. రెండు నెలల్లో అలమర వెనక నల్లటి బూజు పడుతుంది. యజమాని దాన్ని మీ తప్పు కిందే లెక్కేసి అడ్వాన్సులో కోస్తాడు.

మందు సులువు. పొద్దున, సాయంత్రం, వంట అయినాక కిటికీలు పూర్తిగా బార్లా తెరిచి అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి మూసేయాలి. ఆ సేపు హీటర్ తిప్పి ఆపండి. కిటికీ పైభాగం కొంచెం వంచి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడి బూజు ఇంకా ఎక్కువవుతుంది. అలమరను బయటి గోడకు ఆనించకుండా నాలుగైదు వేళ్ల ఎడం ఉంచండి.

పొయ్యి మీదుండే చిమ్నీని కూడా నమ్మొద్దు. చాలావాటికి బయటికి గొట్టం ఉండదు, బొగ్గు ఫిల్టర్ గుండా అదే గాలి మళ్లీ వంటింట్లోకి వస్తుంది. ఎండుమిర్చి పోపు పెట్టేముందే కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూయండి. పొగకు పైకప్పు మీది అలారం మోగితే మెట్ల వైపు తలుపు తెరవొద్దు, ఘాటు బిల్డింగంతా పాకుతుంది. కిటికీ వైపే గాలి పోనివ్వండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. డ్రిల్లింగు, రోట్లో దంచడం, పిల్లల గెంతులు ఆ లెక్కలోకే వస్తాయి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పాలు, బియ్యం శనివారమే తెచ్చుకోవాలి. చెత్త నాలుగు రకాలుగా వేరుచేస్తారు: కాగితం, ప్యాకింగు, కూరగాయల తొక్కలు, మిగిలినది. డబ్బాల రంగులు ఊరిని బట్టి కొంత మారతాయి కాబట్టి మున్సిపాలిటీ కాగితం ఫ్రిజ్‌కు అతికించండి. గాజు సీసాలు తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు వేర్వేరుగా వీధి డబ్బాల్లో వేయాలి, అదీ ఆదివారం వద్దు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, డబ్బాల మీద 25 సెంట్లు ముందే తీసుకుంటారు, దుకాణంలోని మిషన్‌లో వేస్తే తిరిగిస్తారు. కుళాయి నీళ్లు తాగొచ్చు.

స్టుట్‌గార్ట్ వైపు కేర్‌వొఖ అని ఒక ఆచారం ఉంది. వారానికి ఒక ఇంటివాళ్లు మెట్లు, ముంగిలి ఊడ్వాలి. మీ తలుపుకు ఒక బోర్డు తగిలించి ఉంటే ఈ వారం వంతు మీదని అర్థం. వాకిలి ఊడ్చే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. సక్కగా చేస్తే ఇరుగుపొరుగుతో సగం మాటలు కలిసినట్టే.

ఆఫీసులో

మన నువ్వు, మీరు లాగే వాళ్లకు డూ, జీ ఉన్నాయి. పెద్దవాళ్లు, పై అధికారి డూ అనమని చెప్పేదాకా జీ అనే అనండి. ఐటీ కంపెనీల్లో మొదటి రోజే డూ అంటారు, అది చనువు తీసుకోమని కాదు.

మనం కుదరదని ముఖం మీద చెప్పలేక "చూద్దాం", "చేస్తా లెండి" అంటాం. అక్కడ అది ఒప్పుకున్నట్టే. శుక్రవారానికి కాదనుకుంటే సోమవారమే చెప్పండి, కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. పనిలో తప్పుంటే నలుగురి ముందే సూటిగా అంటారు. అది పని గురించే, మీ మర్యాద తీయడానికి కాదు, మధ్యాహ్నం అదే మనిషి మీతో కలిసి భోజనానికి వస్తాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందు రోజే చెప్పకండి, అశుభం అనుకుంటారు. మీ పుట్టినరోజుకు కేకు మీరే తెచ్చి పెట్టాలి.

జ్వరం వస్తే పని మొదలయ్యే వేళకు ముందే కంపెనీకి చెప్పాలి. మూడు రోజులు దాటితే డాక్టరు ధ్రువీకరణ ఉండాలి, కొన్ని కంపెనీలు మొదటి రోజే అడుగుతాయి. ఉద్యోగంలో నాలుగు వారాలు దాటాక జబ్బు పడితే ఆరు వారాల దాకా పూర్తి జీతం ఇస్తారు. జలుబుకు డాక్టరు టీ తాగి పడుకొమ్మని పంపితే నిర్లక్ష్యం అనుకోవద్దు, యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఏ మందుల షాపులోనూ ఇవ్వరు. రాత్రిపూట, ఆదివారం డాక్టరు కోసం 116117, ప్రాణం మీదికొస్తే 112.

మొదటి ఆరు నెలలు సాధారణంగా పరీక్షాకాలం, రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. ఆ కాలంలో కారు లోను, పెద్ద ఒప్పందాలు పెట్టుకోకండి.

భార్యాపిల్లలు వచ్చాక

మీకు ఈయూ బ్లూ కార్డు (డిగ్రీ ఉండి మంచి జీతం మీద వచ్చే విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస కార్డు) ఉంటే భార్యకో భర్తకో వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వచ్చిన వెంటనే ఉద్యోగం చేసుకోవచ్చు. అయినా ఊర్లో ఉండగానే ఏ1 చదివి రావడం మేలు. మీకు ఆఫీసు ఉంటుంది. ఇంట్లో ఉండే మనిషికి భాష లేకపోతే పక్కింటి తలుపు కూడా దూరమే.

పిల్లలకు కిండర్‌గెల్డ్ అని ప్రభుత్వం నెలకు డబ్బిస్తుంది, 2025లో బిడ్డకు 255 యూరోలు, 2026లో 259. దరఖాస్తు పెట్టాలి, తనంతట తాను రాదు, పాత నెలలకు ఆరు నెలల దాకే వెనక్కి ఇస్తారు. కీటా అనే శిశుకేంద్రంలో ఏడాది నిండిన బిడ్డకు చోటు పొందే హక్కు ఉంది. చోట్లు మాత్రం తక్కువ, అడ్రసు రాగానే పేరు రాయించండి.

బడి విషయంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. అక్కడ బడి తప్పనిసరి. మేనమామ పెళ్లనో, దసరా అనో బడి రోజుల్లో రెండు వారాలు ఊరికి తీసుకుపోవడం కుదరదు, సెలవు ఇవ్వకపోయినా పోతే జరిమానా. విమానాశ్రయంలో పోలీసులు బడి పిల్లల్ని చూసి ఆరా తీసే సందర్భాలూ ఉన్నాయి. ఊర్లో ముహూర్తాలు పెట్టేటప్పుడే మీ రాష్ట్రం బడి సెలవుల పట్టిక వాట్సాప్‌లో పంపండి.

బతుకమ్మకు తంగేడు దొరకదు గానీ గునుగు దొరుకుతుంది. శరత్కాలంలో పూల దుకాణాల్లో సెలోజియా పేరుతో అమ్ముతారు. బంతి, చామంతి కూడా ఉంటాయి. ఊరి చెరువులో నిమజ్జనం అనుమతి లేకుండా చేయొద్దు, తొట్టెలో కలిపి ఆ పూలను మొక్కల చెత్తలో వేయడం మంచిది.

బండి, రైలు

మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల దాకే చెల్లుతుంది, అనువాదం కూడా ఉండాలి. తర్వాత రాత పరీక్ష, బండి పరీక్ష రెండూ రాయాలి. రాత పరీక్ష ఇంగ్లీషులో ఉంది, తెలుగులో, హిందీలో లేదు. మొదట్లో డాయిచ్‌లాండ్ టికెట్ చాలు, 2026 నుంచి నెలకు 63 యూరోలు, దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కొచ్చు. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు.

ఊరికి పోయొచ్చేముందు

జర్మనీకి పోయాక ఊర్లోని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్ఆర్ఐలకుండే ఖాతాగా మార్పించాలి. అక్కడి జీతం పంపుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా వేరే తెరవండి. ఇంకొక్కటి, జీతం కూడబెట్టి ఊర్లో రెండెకరాలు కొందామనుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఇళ్ల స్థలం, ఫ్లాటు కొనుక్కోవచ్చు.

నివాస కార్డు గడువు ముగియకముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టండి. ఆఫీసు ఆలస్యం చేస్తే ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఇస్తుంది. దాని లోపలి పేజీలో మూడు గడులుంటాయి. జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో పేరా గడిలో టిక్కు ఉంటే ఇండియాకు పోయి తిరిగి రావచ్చు. మూడో పేరా గడిలో ఉంటే దేశంలో ఉండొచ్చు గానీ, బయటికి పోతే దానితో తిరిగి లోపలికి రానివ్వరు. పెళ్లికో, చావుకో ఆదరాబాదరాగా టికెట్ బుక్ చేసేముందు ఆ పేజీ తెరిచి టిక్కు ఎక్కడుందో చూడండి. బయట ఎన్నాళ్లు ఉండొచ్చనేదానికీ హద్దుంది: మామూలు కార్డు ఆరు నెలలు దాటితే రద్దవుతుంది, బ్లూ కార్డుకు పన్నెండు నెలలు.